గోనె చుట్టిన కమాను

రామలక్ష్మమ్మ రోజూ పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లుతుంది. గడప దగ్గర మొదలుపెట్టి గొడ్ల కొట్టం దాకా, ఆవలి మట్టిగోడ దాకా చల్లుకుంటూ పోతుంది. రేకుల కొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె చేయి ఆగిపోతుంది. ఆ కొట్టంలో కారు ఉంది. ఆమె దాని చుట్టూ తిరిగి, అవతలి పక్క మళ్ళీ మొదలుపెడుతుంది. ఆరేళ్ళుగా నీటిచుక్క పడని ఆ నేల తెల్లగా, పిండిలాగా ఉంటుంది. ఎందుకు చల్లవని ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు.

కారు నల్లది, యుద్ధానికి ముందుది. వెనక ఎడమవైపు బాగా కుంగి ఉంటుంది. కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తే, లోపల ఎడమ కిటికీ పక్కన ఎవరో ఒరిగి కూర్చున్నారేమో, ఆ బరువుకే బండి అలా వాలిందేమో అనిపిస్తుంది. సాయంత్రం ఎండ తగ్గి రేకులు చల్లబడే వేళకు ఆ బండిలోంచి ఒక సన్నని కిర్రుమనే చప్పుడు వస్తుంది. వేడెక్కిన ఇనుము చల్లారే చప్పుడే అది. అయినా అది వినపడగానే ఇంట్లోవాళ్ళు మాట ఆపేస్తారు. కాసేపటికి ఎవరో ఒకరు ఎక్కడ ఆపారో అక్కడినుంచే మళ్ళీ మొదలుపెడతారు.

అది 1957 మే నెల. కల్లాపి ఇంకా ఆరలేదు, మైదుకూరు నుంచి బద్వేలు పోయే మొదటి బస్సు ఊరి మొగదల ఆగింది. ఆ ఇంటి కొడుకు నరసింహ దిగాడు. అతను బి.ఏ. చదివి కర్నూలులో హైస్కూలు పంతులుగా పని చేస్తున్నాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే. సెలవులకు ఎప్పుడొచ్చినా ఒక ట్రంకు పెట్టె, చేతిసంచి తప్ప ఏమీ తెచ్చేవాడు కాదు. ఈసారి బస్సు పైనుంచి బరువైన మూటలు రెండు దింపించాడు. ఒక్కో మూటను ఇద్దరు పట్టుకొని మోసుకొచ్చి పంచలో పెట్టారు.

ఏముందని తల్లి అడిగితే కమాన్లు అన్నాడు. వెనక ఇరుసు మీద బండి బరువంతా మోసే ఇనుప పట్టీల కట్టలు అవి. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కర్నూలులో బాడుగలు తగ్గి, కొందరు పాత కార్లను విప్పి ముక్కలుగా అమ్ముకున్నారు. అలాంటి ఒక బండి మన బండి రకమేనని తెలిసి, వెతికి పట్టుకొచ్చానని చెప్పాడు. రామలక్ష్మమ్మ ఆ మూటలను ముట్టుకోలేదు. కొడుక్కు నీళ్ళ చెంబు అందించి లోపలికి పోయింది.

నాగలక్ష్మమ్మ గోడకు చేరగిలి కూర్చుని అంతా వింటోంది. ఆమె నరసింహ చెల్లెలు. ఎనిమిది నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని పోరుమామిళ్ళలోని అత్తగారింటి నుంచి వచ్చి ఇరవై రోజులైంది.

తండ్రి పుల్లయ్య చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మూటల వైపు చూశాడు. విప్పకుండానే అవేమిటో ఆయనకు తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళు బాడుగ కారు తోలిన మనిషి.

"ఎవురివిరా ఇవి?"

"మన బండికే నాయనా. వెనక రెండూ మార్చేస్తాం. ఈడనే, ఇంటికాడనే. నాకు శాతనైతాది."

"మన బండి యాడుండాది? ఆరేండ్ల కిందనే అయిపాయె."

నరసింహ ఇలాంటి మాట వస్తుందని దారి పొడవునా అనుకుంటూనే వచ్చాడు. కోపం తెచ్చుకోకూడదని కూడా అనుకున్నాడు. వచ్చే నెలలో నాగికి నొప్పులొస్తాయని, ఈ దోవన బస్సు రోజుకు రెండుసార్లే వస్తుందని, నొప్పులు బస్సు వేళ చూసుకొని రావని, కడప ఆసుపత్రికి చేరాలంటే ఇంట్లో బండి ఉండాలని నిదానంగా చెప్పాడు. పుల్లయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎడ్లబండి ఉండాది గదా."

"అక్కకు కూడా కడాకు వచ్చింది ఎడ్లబండే నాయనా."

ఆ మాట అన్న మరుక్షణమే దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది నరసింహకు. రామలక్ష్మమ్మ వడ్డించిన సంగటి ముద్ద అలాగే ఉంది. పుల్లయ్య పార భుజాన వేసుకొని, వచ్చిన దారినే చేనుకు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళ కిందట జరిగింది నరసింహ కళ్ళారా చూడలేదు. అప్పుడతను అనంతపురంలో చదువుకుంటున్నాడు. తెలిసిందల్లా ఇంతే. పెద్దకూతురు సోమక్క తొలి కాన్పుకు వచ్చింది. కార్తీకమాసం, ముసురు పట్టింది. పొద్దు వాలేవేళ నొప్పులు ఎక్కువై, మంత్రసాని చేతులెత్తేస్తే, పుల్లయ్య కూతుర్ని, భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని కడపకు బయలుదేరాడు. పన్నెండో మైలు దాటాక దారికి అడ్డంగా పారే ఒక వంకలో ఎడమవైపు కమాను విరిగింది. ఇరుసు వెనక్కి జరిగి చక్రం ఇరుక్కుపోయింది. ఎడ్లబండి కోసం మనిషిని పంపారు. బండి వచ్చేలోపల సోమక్క ఆ వెనక సీట్లోనే, తల్లి ఒడిలో పోయింది. కడుపులో బిడ్డ కూడా పోయింది. మర్నాడు ఎడ్లను కట్టి కారును లాక్కొచ్చి కొట్టంలో పెట్టారు. ఆనాటి నుంచి పుల్లయ్య దాన్ని ముట్టుకోలేదు, అమ్మలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నరసింహ చొక్కా విప్పి కొట్టంలోకి నడిచాడు. చిన్నప్పుడు నాన్నకు పానాలు అందిస్తూ నేర్చుకున్నదే అతని విద్య. జాకీ తెచ్చి ఎడమ వెనక చక్రం పక్కన పెట్టి తిప్పాడు. ఆరేళ్ళ తర్వాత బండి కదిలింది. ఒళ్ళు విరుచుకున్నట్టు పెద్దగా మూలిగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతను చక్రం ఊడదీసి, వెల్లకిలా పడుకొని కిందికి దూరాడు.

అది చూసి నాగలక్ష్మమ్మ లేచింది. బరువైన ఒంటితో గబగబా చేనుకు నడిచి తండ్రికి ఒక్కటే మాట చెప్పింది, అన్న బండి కింద దూరినాడని.

పుల్లయ్య వచ్చి కొట్టం ముందర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"నరసింహా. యాడా చెయ్యి ఆనించకుండా మెల్లిగా బయటికి రా."

అతను వచ్చాడు. వీపంతా తెల్లటి దుమ్ము. తండ్రి మొహంలో నెత్తురు లేదు.

"జాకీని నమ్ముకోని బండి కింద దూరమని ఏ కాలేజీలో చెప్పిరి నీకు?"

"నువ్వు రాకుంటే నేనేం చెయ్యల్ల నాయనా?"

పుల్లయ్య పెరట్లోకి పోయాడు. ఇల్లు కట్టగా మిగిలిన కడప బండలు ఒకటొకటిగా మోసుకొచ్చి దొంతి పేర్చాడు. రాయి మీద నేరుగా బరువు పెడితే పగులుతుందని పైన టేకు దిమ్మె పెట్టాడు. ముందు చక్రాలకు అడ్డంగా రాళ్ళు తోశాడు. రెండువైపులా దొంతుల మీద బండి స్థిరంగా కూర్చున్నాక, భుజం ఆనించి ఊపి చూశాడు. ఆ తర్వాతే కొడుకుతో, ఇప్పుడు దూరు అన్నాడు. సాయం చేస్తానని అనలేదు. చేయడం మాత్రం మొదలుపెట్టాడు.

బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, అంతలో కొత్తగా తెచ్చిన కట్టలు విప్పారు. బండి తోలిన రోజుల్లో పుల్లయ్యకు ఒక అలవాటు ఉండేది. ప్రతి శనివారం కమాను పట్టీలను ఒక్కొక్కదాన్నీ పానాతో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. మంచి పట్టీ గంటలాగా మోగుతుంది. పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఇప్పుడూ అలాగే కొట్టుకుంటూ వచ్చాడు. రెండో కట్టలో మూడో పట్టీ దగ్గర ఆగి, మళ్ళీ కొట్టి, పక్కన పారేశాడు. కంటికి పగులు కనపడదు గానీ ఉందన్నాడు. దాని బదులు పాతదాంట్లోది తీసి వేసుకుందామని నరసింహ అంటే ఆయన తర్వాతి పట్టీని కొట్టి చూశాడు.

పొద్దు వాలేసరికి పాత ఎడమ కమాను ఊడి కింద పడింది. దాని చుట్టూ గోనెపట్టా చుట్టి, పురికొసతో గట్టిగా కట్టి ఉంది. గ్రీజు ఎండి తారులాగా నల్లగా అయింది. విరిగిన చోట మాత్రం గోనె చినిగి వేలాడుతోంది. పుల్లయ్య కత్తి తీసుకొని దాని ముందర గొంతుక్కూర్చున్నాడు. కొస పురికొసకు ఆనించాడు. కోయలేదు. కొడుకు కత్తి తీసుకున్నా ఆయన అడ్డం చెప్పలేదు.

నరసింహ కోశాడు. గోనె పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కట్టలో అన్నిటికంటే పొడుగైన పైపట్టీ కొసకు దగ్గరగా రెండుగా విరిగి ఉంది. విరిగిన మొహం ఎర్రగా, గరుగ్గా ఉంది. నరసింహ దాన్ని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"కొత్త విరుపే నాయనా. ముందే పగులుంటే ఒక పక్క నల్లగా వేరే రంగుంటాది. ఇది ఆ వంకలో ఒక్క దెబ్బకు విరిగిందే."

పుల్లయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకొని బొటనవేలితో రుద్దాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది.

"ఆరేండ్ల తుప్పు. పాతదీ కొత్తదీ ఒగటే అయిపాయె. నీకు తెలీదు. నాకూ తెలీదు. ఆ పొద్దే విప్పి చూసింటే తెలిసుండు. చూసేదానికి నాకు దైర్యం లేకపాయె. అబద్దం చెప్పొద్దురా నాకు."

నరసింహ తల దించుకున్నాడు. పుల్లయ్య విరిగిన ముక్కతోనే మాట్లాడుతున్నట్టు మెల్లిగా చెప్పుకుపోయాడు.

"మీ అక్కను అత్తగారింటి నుంచి తోలుకొస్తాంటే కమాన్లు కిర్రు కిర్రుమన్యాయి. తలకాయ నొస్తాంది, నీ బండి ముసలోని మాదిరి మూలుగుతాది నాయనా అని నవ్వింది. మరుసటి దినమే గోనెను గ్రీజులో ముంచి చుడితి. చప్పుడు పాయె. బిడ్డ సంతోషపడె. రెండు నెల్లు శనివారం శనివారం నేను పట్టీలు కొట్టి చూడలే. గోనె మింద కొడితే ఏం మోగుతాది? లోపల అప్పుటికే పగిలుండెనో ఏమో. నేనే కప్పి పెడితి."

కొట్టం గుమ్మంలో చెంబు పట్టుకొని నిలబడిన రామలక్ష్మమ్మ ఆ మాటలన్నీ విన్నది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె చెంబు కింద పెట్టింది. ఆరేళ్ళుగా ఆ నేల మీద ఆమె ఏదీ పెట్టలేదు.

"నొప్పులు మద్యాన్నం నుంచి అని చెప్పినా గదా నీకు, ఆ పొద్దు."

పుల్లయ్య తల ఎత్తాడు.

"మద్యాన్నం కాదు. కోడి కూసేటప్పుడే వచ్చినాయి. నాయనను బండి తీయమనమ్మా అని రెండు తూర్లు అడిగింది. తొలి కాన్పు, ఓర్చుకో అమ్మీ అంటి. పుట్టింట్లో పురుడు పోయలేకపాయిరని దాని అత్తగారోళ్ళు అంటారని నా బయం. నువ్వు చేనికి పోయి వచ్చేదాంక నీకు తెలియనీలే. కమాను విరిగిందానికి నువ్వు కుమిలిపోతాంటే, చూస్తా ఉంటి. చెప్పలేకపోతి."

"కోడి కూసేటప్పుడా."

"ఆ."

పుల్లయ్య లేచి నిలబడ్డాడు. ఆయన ఏం చేస్తాడోనని నరసింహ కూడా లేచాడు. ఆయన ఏమీ చేయలేదు. ఎటు పోవాలో తెలియనివాడిలా కొట్టం గుంజను పట్టుకొని అక్కడే నిలబడిపోయాడు. ఈ ఆరేళ్ళూ భార్య మాట్లాడకపోతే, తనను దోషిగా చూస్తోందని ఆయన అనుకున్నాడు. మొగుడు మొహం చూడకపోతే, సంగతి ఆయనకు ఎలాగో తెలిసిపోయిందని ఆమె అనుకుంది. ఒకే కప్పు కింద, ఒకే కుండలో వండింది తింటూ, చచ్చిపోయిన కూతురికి చెరొకరు లోలోపల సంజాయిషీ చెప్పుకుంటూ బతికారు.

వాళ్ళ వెనక నాగలక్ష్మమ్మ గొంతు వినిపించింది. ఆమె కొట్టం బయటే, గోడకు చేయి ఆనించి నిలబడి ఉంది.

"అక్కను గురించి ఇప్పుటికన్నా మాట్లాడుకుంటిరి. మంచిదే. నేనొచ్చి ఇరవై దినాలాయె. కడపకు ఎప్పుడు పోదామని నేను కూడా రెండు తూర్లు అడిగితి. నువ్వేమంటివమ్మా?"

రామలక్ష్మమ్మకు తానేమన్నదీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ఇంకా దినాలుండాయి, చూద్దాంలే అమ్మీ అన్నది. రెండుసార్లూ అదే మాట.

"నాయన నా మొగం చూడడు. చూసినా అక్కే కనపడతాది ఆయనకు. నేను నడుస్తాంటే నా వెనకమాల ఎవురో నడుస్తాండారేమోనని నాకే బయమైతాది. నేనింకా బతికే ఉండా నాయనా. నన్ను అడగండి."

ఆమె ఏడవలేదు. అందుకే ఆ మాట వినడం మరింత కష్టమైంది. పుల్లయ్య గుంజ వదిలి బయటికి వచ్చి, కూతురి ఎదురుగా నిలబడ్డాడు. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆమె మొహాన్ని తేరిపార చూశాడు. సోమక్క పోయేనాటికి నాగి పద్నాలుగేళ్ళ పిల్ల. ఈ పిల్లకు చెంప మీద పుట్టుమచ్చ ఉందన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

"ఎప్పుడు పోదామమ్మా?"

"బండి లేచిన దినమే. కడపలో ఉరుకుందమ్మ పిన్నమ్మ ఇంట్లో ఉంటా, నొప్పులొచ్చేదాంక. ఆస్పత్రి ఆ ఈదిలోనే."

పుల్లయ్య భార్య వైపు చూశాడు. పుట్టింటి పురుడు మాట ఆమె ఎత్తుతుందనుకున్నాడు.

"నేనూ వస్తా," అన్నది రామలక్ష్మమ్మ. "నేను యాడుంటే అదే దానికి పుట్టిల్లు."

మర్నాడు తెల్లవారాక తండ్రీకొడుకులు మళ్ళీ పనికి దిగారు. పాత కట్టలోని మూడో పట్టీని గీకి, కడిగి, కొట్టి చూస్తే శుభ్రంగా మోగింది. దాన్ని కొత్త కట్టలో వేసి బిగించారు. పట్టీల మధ్య గ్రీజు రాశారు. చుట్టూ ఏమీ చుట్టలేదు. చప్పుడు చేస్తే చేయనీ, వినపడాలి అన్నాడు పుల్లయ్య. కుడివైపు పూర్తయ్యేసరికి అన్నం వేళైంది. నరసింహ పానా జారి వేలు చితక్కొట్టుకుంటే, పంతులు చేతులు సుద్దముక్కకే పనికొస్తాయని తండ్రి ఎగతాళి చేశాడు. ఆ ఇంట్లో ఎగతాళి విని ఎన్నాళ్ళైందో. నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చక్రాలు ఎక్కించి, దొంతులు తీసి, బండిని నేలకు దించారు. వెనక రెండువైపులా ఒకే ఎత్తులో నిలబడింది. కమాను కొసల్లో బోల్టులు ఇంకా వదులుగానే ఉన్నాయి. నరసింహ బిగించడానికి పానా అందుకుంటే తండ్రి ఆపాడు.

"ఊరక బిగిస్తే రబ్బరు బుష్షులు నాలుగు దినాలకే పిండైతాయి. మనుషుల బరువుకు పట్టీలు కుదురుకున్నాక బిగించల్ల. వెనక ఎవురన్నా కూసోండి."

ఎవరూ కదల్లేదు. గుమ్మంలోంచి పడిన ఎండలో, దుమ్ము చెరిగిన చోటల్లా కారు నల్లగా మెరుస్తోంది. నాగలక్ష్మమ్మ అడుగు ముందుకు వేయబోతే తల్లి ఆమె చేయి పట్టుకొని ఆపింది. రామలక్ష్మమ్మ తానే పోయి ఎడమ తలుపు తెరిచింది. లోపల పాత తోలు వాసన, మూసిన గాలి. ఒక కాలు పైన పెట్టి, కాసేపు అలాగే ఉండి, ఎక్కి కూర్చుంది. సీటు మీద దుమ్మును అరచేత్తో తుడిచింది. తుడిచిన చోటు నుంచి ఆ చేయి తీయలేకపోయింది. కాసేపటికి అవతలి తలుపు తెరుచుకొని నాగలక్ష్మమ్మ ఎక్కి, జరిగి తల్లికి ఆనుకొని కూర్చుంది. వాళ్ళ బరువుకు బండి రెండు అంగుళాలు దిగి, నిలిచింది.

పుల్లయ్య పానా పట్టుకొని కిందికి దూరాడు.

"సరిగ్గా కూసున్నారా?"

"కూసున్నాం," అంది నాగలక్ష్మమ్మ.

మొదటి బోల్టు బిగిసింది. రెండోదానికి పానా తగిలించేసరికి బండి సన్నగా ఊగడం మొదలైంది. పైన రామలక్ష్మమ్మ కూతురి భుజం మీద మొహం ఆనించి ఏడుస్తోంది. ఆరేళ్ళ కిందట ఆ సీట్లో ఆమెకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత కూడా ఎవరి ముందూ ఏడవలేదు. చప్పుడు లేకుండా మొదలైన ఏడుపు, చివరికి చప్పుడుతోనే వచ్చింది.

"బండి ఊగుతాంది," అన్నాడు పుల్లయ్య కింది నుంచి. "పానా జారుతాది."

రామలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నరసింహ కారు పక్కన నిలబడి, కిందినుంచి బయటికి వచ్చిన తండ్రి పాదాలనే చూస్తున్నాడు. ఆ పాదాలు కదలడం లేదు. పానా చప్పుడు కూడా లేదు.

మళ్ళీ ఆయన గొంతు వినిపించింది. ఈసారి అది ఆయన గొంతులాగా లేదు.

"లేదులే. ఏడువు. నేను ఆగుతా."